అలోన్ వేరు, లోన్లీ వేరు

ఇంగ్లీషులో ‘అలోన్’, ‘లోన్లీ’, ‘సాలిట్యూడ్’ అని మూడు మాటలున్నాయి. నిఘంటువు తీస్తే మూడింటికీ ఇంచుమించు ఒకే అర్థం కనబడుతుంది. కానీ మాట్లాడేటప్పుడు ఒకదాని బదులు ఇంకొకటి వాడితే, ఎదుటివాళ్లు మన గురించి అనుకునేదే మారిపోతుంది. ‘ఐ లివ్ అలోన్’ అంటే తలూపి ఊరుకుంటారు. ‘ఐ యామ్ లోన్లీ’ అంటే కుర్చీ దగ్గరికి జరుపుకుని ఏమైందని అడుగుతారు. ‘ఐ లైక్ సాలిట్యూడ్’ అంటే మర్యాదగా లేచి వెళ్లిపోతారు.

మావారికి మన బ్యాంకు సింగపూర్ శాఖకు బదిలీ అయినప్పుడు మూడేళ్లు అక్కడ ఉన్నాం. అంతకుముందు కాలేజీలో ఇంగ్లీషు చెప్పిన అలవాటుంది కాబట్టి, మా బ్లాకులో ఉంటున్న కొందరు చైనా వాళ్లకు వారానికి రెండు సాయంత్రాలు మాట్లాడే ఇంగ్లీషు నేర్పాను. తరతరాలుగా సింగపూర్‌లో స్థిరపడిన చైనా సంతతి వాళ్లు చాలామంది ఇంగ్లీషు ధారాళంగా మాట్లాడతారు. నా దగ్గరికి వచ్చినవాళ్లు వేరు. పిల్లల చదువు కోసం చైనా నుంచి వెంట వచ్చిన తల్లులు, మనవల్ని చూసుకోవడానికి వచ్చిన తాతలు, అమ్మమ్మలు. అలా వచ్చిన తల్లులను అక్కడ ‘పేదూ మామా’ అంటారు. చదువుకు తోడుండే అమ్మ అని అర్థం. పేరులోనే తోడు ఉంది కానీ, వాళ్లకు తోడెవరూ ఉండరు.

వాళ్లకు ఈ మూడు మాటలు నేర్పడం కోసం తయారు చేసుకున్న పాఠం ఇది. బదిలీల వల్ల తలా ఒక ఊళ్లో బతికే మన బ్యాంకు కుటుంబాలకూ ఇది పనికొస్తుందనిపించి మీ ముందు పెడుతున్నాను.

మూడు మాటల పుట్టుక

ముందుగా ‘అలోన్’. మధ్యయుగపు ఇంగ్లీషులో ‘ఆల్’, ‘వన్’ అనే రెండు మాటలు కలిసి ఇది పుట్టింది. పూర్తిగా ఒక్కరే అని అర్థం. ఇప్పుడు మనం ‘ఆల్ అలోన్’ అన్నామంటే నిజానికి ‘ఆల్’ను రెండుసార్లు పలుకుతున్నట్టే.

కాలక్రమంలో ‘అలోన్’ మొదటి అక్షరం రాలిపోయి ‘లోన్’ అయింది. దానికి ‘లీ’ చేరి 1600 ప్రాంతంలో ‘లోన్లీ’ వచ్చింది. పుట్టినప్పుడు అందులో పెద్దగా దుఃఖం లేదు. జనానికి దూరంగా ఉన్న మనిషి, మనుషులు తిరగని చోటు అనే అర్థాలే ఉండేవి. తోడు లేక మనసు బాధపడటం అనే అర్థం 19వ శతాబ్దం తొలినాళ్లలో గట్టిపడింది. అంటే ఈ రోజు మనం వాడే ‘లోన్లీ’ వయసు రెండు వందల ఏళ్ల పైచిలుకు మాత్రమే.

‘సాలిట్యూడ్’ది వేరే వంశం. లాటిన్‌లో ‘సోలుస్’ అంటే ఒక్కరు. పాట ఒక్కరే పాడితే ‘సోలో’, పేకాట ఒక్కరే ఆడుకుంటే ‘సాలిటేర్’, ఒంటరిగా నిలబడిన చెట్టు ‘సాలిటరీ ట్రీ’. అన్నీ ఆ ఇంటి పిల్లలే.

పలక మీద నేను మూడే ముక్కలు రాసేదాన్ని. అలోన్ లెక్క. లోన్లీ బాధ. సాలిట్యూడ్ ఇష్టం. గదిలో ఎంతమంది ఉన్నారు అనే ప్రశ్నకు జవాబు ‘అలోన్’. మనసులో ఎలా ఉంది అనే ప్రశ్నకు జవాబు ‘లోన్లీ’. ఇలా ఉండటం నువ్వు కోరుకున్నదేనా అనే ప్రశ్నకు అవునని చెప్పగలిగితే అది ‘సాలిట్యూడ్’. లెక్కకూ బాధకూ ఒకదానితో ఒకటి ముడి లేదు. పెళ్లి పందిట్లో అయిదు వందల మంది మధ్య కూర్చుని లోన్లీగా ఉండొచ్చు. వంటింట్లో ఒక్కరే కాఫీ కలుపుకుంటూ ఎంతో హాయిగానూ ఉండొచ్చు.

చైనా భాషలో గీతలు వేరే చోట పడ్డాయి

చెప్పినంత సేపూ అందరూ తలూపేవారు. వాక్యం రాయమంటే మాత్రం తారుమారయ్యేది. వాళ్ల భాషలో ఈ భావాలను విడదీసే గీతలు వేరే చోట ఉండటమే దానికి కారణం. అక్షరాలను విడదీసి చూపించమని వాళ్లనే అడిగాను. ఆ రోజు పాఠం నాకే జరిగింది.

అన్నిటికంటే మామూలు మాట ‘యీ గ రెన్’. ఒక మనిషి అని అర్థం. నేను ఒక్కదాన్నే ఉంటాను, ఒక్కదాన్నే తింటాను, ఒక్కదాన్నే వెళ్లాను అనడానికి అన్నిచోట్లా ఇదే. మన ‘ఒక్కడే’, ‘ఒక్కతే’లాగా ఇందులో బాధ లేదు, గొప్పా లేదు.

రెండోది ‘గూదూ’. రెండు అక్షరాల మాట. మొదటి అక్షరం ‘గూ’కు పాత అర్థం తండ్రి లేని బిడ్డ. అనాథను వాళ్లు నేటికీ ‘గూ ఎర్’ అంటారు. రెండో అక్షరం ‘దూ’. క్రీస్తు పూర్వం 4వ శతాబ్దపు తత్వవేత్త మెన్షియస్, రాజు ముందుగా ఆదుకోవలసిన దిక్కులేని వాళ్లు నాలుగు రకాలని లెక్క చెప్పాడు. భార్య లేని ముసలాయన, భర్త లేని ముసలావిడ, పిల్లలు లేని వృద్ధులు, తండ్రి లేని పసివాళ్లు. అందులో పిల్లలు లేని వృద్ధులకు వాడిన అక్షరం ‘దూ’, తండ్రి లేని పసివాళ్లకు వాడినది ‘గూ’. అలా ‘గూదూ’ అనే ఒక్క మాటలో అటు చివర పసిబిడ్డ, ఇటు చివర పండు ముసలి కూర్చున్నారు. విచిత్రం ఏమిటంటే, పాతకాలపు చైనా రాజులు తమను తాము ‘గూ’ అనే పిలుచుకునేవారు. సింహాసనం మీద ఇంకొకరికి చోటు లేదు కదా.

మూడోది ‘జీమో’. నిశ్శబ్దం, వెలితి కలిసిన మాట. దీన్ని రాసే రెండు అక్షరాలకూ పైన ఇంటి కప్పు గుర్తు ఉంటుంది. ఇది చూడగానే నాకు ‘ఇల్లు బోసిపోయింది’ అనే మన మాట గుర్తొచ్చింది. పండక్కి వచ్చిన పిల్లలు తిరిగి బండెక్కిన సాయంత్రం మన ఇళ్లలో ఉండేది అచ్చంగా జీమోనే. ‘ఏమీ తోచడం లేదు’ అనే మాటకు కూడా ఇది బాగా దగ్గర.

ఇక ‘దూ’ అనే అక్షరానికి ఇంకో ముఖం ఉంది. స్వాతంత్ర్యాన్ని ‘దూలీ’ అంటారు, ఒక్కరుగా నిలబడటం అని. తనతో తాను గడపడం ‘దూచూ’. కన్ఫ్యూషియస్ సంప్రదాయ గ్రంథాల్లో ‘షెన్‌దూ’ అనే మాట ఉంది. ఎవరూ చూడనప్పుడు కూడా మనిషి తన నడత విషయంలో జాగ్రత్తగా ఉండాలని దాని భావం. ఖజానా తాళాలు చేతిలో ఉన్న బ్యాంకు ఉద్యోగికి ఇంతకంటే తగిన మాట ఇంకొకటి ఉండదని మావారు నవ్వారు. 8వ శతాబ్దపు మహాకవి లీ బాయ్ వెన్నెల్లో ఒంటరిగా మధువు తాగడం మీద రాసిన ప్రసిద్ధ కవిత పేరులోనూ ఈ ‘దూ’నే ఉంది. అందులో కవి చంద్రుణ్ణీ తన నీడనూ పిలిచి ముగ్గురం అయ్యామంటాడు.

చిక్కు ఇప్పుడు తెలుస్తుంది. ‘గూదూ’ అనే ఒక్క మాట ఇంగ్లీషు ‘లోన్లీ’ మీదా కూర్చుంటుంది, ‘సాలిట్యూడ్’ మీదా కూర్చుంటుంది. దీనికి మంచి ఉదాహరణ గాబ్రియేల్ గార్సియా మార్క్వెజ్ 1967లో స్పానిష్‌లో రాసిన ప్రఖ్యాత నవల. స్పానిష్ ‘సొలెదాద్’లో బాధా ఉంది, ఏకాంతమూ ఉంది. 1970లో ఇంగ్లీషులోకి తెచ్చిన గ్రెగొరీ రబాసా ‘వన్ హండ్రెడ్ ఇయర్స్ ఆఫ్ సాలిట్యూడ్’ అని పేరు పెట్టాడు. చైనా భాషలో దాని పేరు ‘బైన్యెన్ గూదూ’, వందేళ్ల గూదూ. ఆ పుస్తకం చదివిన నా విద్యార్థిని ఒకామె, సాలిట్యూడ్ అంటే తీరని ఒంటరి దుఃఖం అనే ఏళ్ల తరబడి అనుకుందట. మా పక్కింటి ఇంగ్లీషావిడ ‘ఐ ఎంజాయ్ మై సాలిట్యూడ్’ అన్నప్పుడు ఈమె ఆవిడ మీద జాలిపడింది.

తరచుగా వచ్చే తప్పులు, వాటి దిద్దుబాటు

ఈ తప్పులు చైనా వాళ్లవే అనుకోకండి. మన పిల్లల నోట్సుల్లోనూ కనబడతాయి.

మొదటిది, ‘ఐ లివ్ లోన్లీ’. బడిలో ‘స్లో’కు ‘లీ’ చేరిస్తే ‘స్లోలీ’, అది క్రియావిశేషణం అని నేర్పుతారు. ఆ లెక్కన ‘లోన్లీ’ కూడా క్రియ పక్కన కూర్చుంటుందని అనుకుంటారు. కూర్చోదు. ‘ఫ్రెండ్లీ’, ‘లవ్లీ’ లాగా ‘లోన్లీ’ విశేషణం. ‘ఐ లివ్ అలోన్’ అనాలి. బాధ చెప్పాలంటే ‘ఐ ఫీల్ లోన్లీ’ అనాలి.

రెండోది, ‘యాన్ అలోన్ ఓల్డ్ మ్యాన్’. చైనా భాషలో ‘ద’ అనే ప్రత్యయం పెట్టి దాదాపు ఏ వర్ణననైనా నామవాచకం ముందు పెట్టేయవచ్చు. ఇంగ్లీషులో ‘అలోన్’ ఎప్పుడూ నామవాచకం ముందు రాదు. ‘అస్లీప్’, ‘అఫ్రెయిడ్’, ‘అలైవ్’ కూడా ఈ జాతివే. ‘యాన్ ఓల్డ్ మ్యాన్ లివింగ్ అలోన్’ సరైనది. నామవాచకం ముందు మాట కావాలంటే ‘లోన్లీ’ కానీ ‘సాలిటరీ’ కానీ వాడుకోవాలి. వర్డ్స్‌వర్త్ 1807లో అచ్చేసిన కవిత పేరు ‘ద సాలిటరీ రీపర్’. పొలంలో ఒక్కతే కోత కోస్తూ పాడుకునే స్కాట్లండ్ అమ్మాయి ఆమె. ‘సాలిటరీ’ అనే మాట ఆమె ఒక్కతే ఉందని చెబుతుంది. ‘లోన్లీ’ అని ఉంటే ఆమె తోడు కోసం తపిస్తోందని చదివేవాళ్లం.

మూడోది, ‘ఐ వెంట్ టు మార్కెట్ వన్ పర్సన్’. ఇది ‘యీ గ రెన్’ను మక్కికి మక్కి దింపడం. ‘బై మైసెల్ఫ్’ అనాలి, లేదా ‘ఆన్ మై ఓన్’ అనాలి. రెండూ దగ్గరి మాటలే. అయితే ఎవరి సాయం లేకుండా సొంతంగా చేశానని చెప్పుకోవాలంటే ‘ఆన్ మై ఓన్’ బాగా నప్పుతుంది. పాప మొదటిసారి తనే జడ వేసుకుంటే, ఆ ఘనత ‘ఆన్ మై ఓన్’.

నాలుగోది, పొద్దుపోని ప్రతిసారీ ‘ఐ యామ్ లోన్లీ’ అనడం. ‘జీమో’లో విసుగు కూడా కొంత కలిసి ఉంది. వాన పడి బయటికి వెళ్లలేక విసుగ్గా ఉంటే అది ‘బోర్డ్’. మనుషుల కోసం మనసు లాగితేనే ‘లోన్లీ’. ఒకరి కోసం ప్రత్యేకంగా బెంగపెట్టుకుంటే ‘మిస్’ అనే క్రియ ఉంది. ‘ఐ మిస్ మై మదర్’.

అయిదోది, ‘లీవ్ మీ అలోన్’. కాసేపు నా పని చేసుకోనివ్వండి అనే ఉద్దేశంతో మా విద్యార్థులు ఇది వాడేవారు. ఇంగ్లీషు చెవికి ఇది విసురుగా, నా జోలికి రావద్దు అన్నట్టుగా తగులుతుంది. ‘ఐ నీడ్ సమ్ టైమ్ టు మైసెల్ఫ్’ అంటే ఎవరూ నొచ్చుకోరు.

ఒక మాట, రెండు గదులు

ఈ పాఠం పరీక్ష మార్కుల కోసం కాదని నాకు నేర్పినవాళ్లు ఇద్దరు.

ఒక పేదూ మామాకు జ్వరం వచ్చి క్లినిక్‌కు వెళ్లింది. రాత్రి జ్వరం ఎక్కువైతే చూసుకునేవాళ్లు ఉన్నారో లేదో తెలుసుకుందామని డాక్టరు ‘డు యూ లివ్ అలోన్?’ అని అడిగారు. ఎనిమిదేళ్ల కొడుకు తప్ప ఇంట్లో పెద్దవాళ్లెవరూ లేరని చెప్పబోయి, ఈమె ‘యెస్, వెరీ లోన్లీ’ అంది. డాక్టరు కలం పక్కన పెట్టి, నిద్ర పడుతోందా, అన్నం సహిస్తోందా, ఏడుపు వస్తోందా అని వరసగా అడిగారు. ఆమె హడలిపోయింది. జ్వరానికి వెళితే మనసు గురించి అడిగారు, నాకేమైనా పెద్ద జబ్బా అని మరునాడు నా దగ్గరికి వచ్చింది. ‘ఐ లివ్ విత్ మై సన్. దేర్ ఈజ్ నో అదర్ అడల్ట్ ఎట్ హోమ్’ అని చెప్పాల్సిందని నేర్పాను. రెండు మాటలకూ తేడా విడమరిచాను. ఆమె కాసేపు మౌనంగా ఉండి, నేను వాడిన మాట తప్పే కానీ ఆయన అడిగిన ప్రశ్నలు తప్పు కాదు అంది.

రెండో ఆయన మనవణ్ణి చూసుకోవడానికి వచ్చిన తాతగారు. డెబ్బై దాటాయి. కొడుకు, కోడలు, మనవడు, ఈయన కలిపి ఇంట్లో నలుగురు. ఉదయం ఏడింటికి ముగ్గురూ వెళ్లిపోతే సాయంత్రం దాకా ఈయనొక్కరే. పొద్దున ఏం చేశారని ఎప్పుడడిగినా ‘ఐ యామ్ అలోన్, నో ప్రాబ్లం’ అని నవ్వేవారు. లెక్క చెబుతున్నారు కాబట్టి అందరం లెక్కే విన్నాం.

పాఠం అయిన వారం తర్వాత వాక్యాలు రాసుకురమ్మన్నాను. ఆయన నోటుబుక్కులో పెద్ద పెద్ద అక్షరాలతో రెండే వాక్యాలున్నాయి. ‘ఇన్ ది ఈవెనింగ్ ఐ యామ్ నాట్ అలోన్. ఐ యామ్ లోన్లీ.’ వ్యాకరణం ఎక్కడా తప్పు లేదు. సాయంత్రం నలుగురూ ఇంట్లోనే ఉంటారు. ఎవరి ఫోను వాళ్లది, ఎవరి గది వాళ్లది. మనవడికి ఇంగ్లీషే సులువు, ఈయన మాట సగం అర్థం కాదు.

ఇది కొడుకుతో చెప్పడం మర్యాదేనా అని ఆయన నన్ను అడిగారు. ‘గూదూ’ అనే మాట కన్నకొడుకు ముందు తన నోటితో అనలేనన్నారు. అందులో పిల్లలు లేని వృద్ధుడు ఉన్నాడు కదా, అంటే కొడుకుని లేనట్టు లెక్కేసినట్టే. ఇంగ్లీషు ‘లోన్లీ’కి ఆ బరువు లేదు. పరాయి భాష మాట చేతికి వేడి తగలకుండా పట్టుకునే మసిగుడ్డలాంటిది. ‘ఐ యామ్ లోన్లీ’ కంటే ‘ఐ ఫీల్ ఎ లిటిల్ లోన్లీ ఇన్ ది ఈవెనింగ్స్’ మెత్తగా ఉంటుందని చెప్పాను. ‘యామ్’ అంటే నా స్థితే ఇంత అన్నట్టు, ‘ఫీల్’ అంటే ఇప్పుడిలా అనిపిస్తోంది అన్నట్టు. ‘ఎ లిటిల్’ వింటున్నవాళ్లను దోషులుగా నిలబెట్టదు. ‘ఇన్ ది ఈవెనింగ్స్’ ఎప్పుడు రావాలో చెబుతుంది.

ఆయన ఆ వాక్యం కొడుక్కి చెప్పలేదు. మనవడికి చెప్పారు. ఆ పిల్లవాడు దాన్ని భోజనాల దగ్గర నాన్నకు అప్పజెప్పాడు. ఆ తర్వాత కొన్ని సాయంత్రాలు తాతామనవలు మా బ్లాకు కింద, గోడలు లేని ఖాళీ జాగాలో గళ్ల బల్ల దగ్గర చైనా చదరంగం ఆడుతూ కనిపించేవారు. కొడుకు ఆఫీసు సంచీ భుజాన ఉండగానే నిలబడి చూసేవాడు. అన్ని రోజులూ కాదు, కొన్ని రోజులు.

ప్రభుత్వాలకూ ఈ తేడా కావలసి వచ్చింది

ఇదంతా ఇళ్లలోని మాట అనుకోవద్దు. బ్రిటన్ 2018 జనవరిలో ఒంటరితనం అనే సమస్యను ఒక మంత్రికి అప్పగించింది. హత్యకు గురైన పార్లమెంటు సభ్యురాలు జో కాక్స్ పేరిట ఏర్పడిన కమిషన్ చేసిన పనే దానికి దారి తీసింది. జపాన్ 2021 ఫిబ్రవరిలో అలాంటి మంత్రిని నియమించింది. జపాను వాళ్లు దీనికి వాడే మాట ‘కొదోకు’. రాసేది అవే ‘గూదూ’ అక్షరాలు. అమెరికాలో సర్జన్ జనరల్‌గా పనిచేసిన, కర్ణాటక మూలాలున్న వివేక్ మూర్తి 2023లో ఈ విషయం మీద దేశానికి ప్రత్యేక హెచ్చరిక పత్రం విడుదల చేశారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ కమిషన్ 2025 నివేదిక ప్రకారం ప్రపంచంలో ప్రతి ఆరుగురిలో ఒకరు ఒంటరితనంతో బాధపడుతున్నారు.

ఈ పత్రాల్లో ‘లోన్లీనెస్’ పక్కన ‘ఐసొలేషన్’ అనే ఇంకో మాట కూడా కనిపిస్తుంది. నాలుగో మాటగా దాన్నీ నేర్చుకుందాం. ఐసొలేషన్ అంటే మనిషికి బయటి సంబంధాలు తగ్గిపోవడం. నెలలో ఎంతమందిని కలిశారు, ఎన్ని ఫోన్లు వచ్చాయి అని బయటినుంచి లెక్కపెట్టవచ్చు. లోన్లీనెస్‌ను అలా లెక్కపెట్టలేం, ఆ మనిషిని అడగాల్సిందే. అయితే నేరుగా అడిగితే చాలామంది లేదనే అంటారు. అందుకే 2004లో పరిశోధకులు మూడు ప్రశ్నల చిన్న కొలబద్ద తయారు చేశారు. తోడు కొరవడినట్టు ఎంత తరచుగా అనిపిస్తుంది, మిమ్మల్ని పక్కన పెట్టేసినట్టు ఎంత తరచుగా అనిపిస్తుంది, అందరికీ దూరమైనట్టు ఎంత తరచుగా అనిపిస్తుంది. మూడింటిలోనూ ‘లోన్లీ’ అనే మాట లేదు.

సాలిట్యూడ్‌ను తక్కువ చేయకండి

ఒంటరితనం గురించి ఇంత చెప్పుకున్నాక, ఒక్కరుగా ఉన్న ప్రతివాళ్లనూ బలవంతంగా సభలోకి లాక్కురావడం కూడా తప్పే. అమెరికా రచయిత థోరో 1845లో వాల్డెన్ చెరువు గట్టున చిన్న గుడిసె కట్టుకుని రెండేళ్లకు పైగా ఉన్నాడు. ఆ అనుభవాలతో 1854లో వేసిన పుస్తకంలో ‘సాలిట్యూడ్’ అనే అధ్యాయం ఉంది. దాని వెంటనే వచ్చే అధ్యాయం పేరు ‘విజిటర్స్’, అంటే చూడవచ్చినవాళ్లు. ఏకాంతం ఇష్టపడిన మనిషి తలుపు మూసుకోలేదని ఆ వరసే చెబుతుంది.

మన తెలుగులో ఈ తేడా చక్కగా ఉంది. ‘ఏకాంతం’ అన్నామంటే అందులో గౌరవం ఉంది. తిరుమలలో రోజులో చివరి సేవకు ఏకాంత సేవ అని పేరు. ‘ఒంటరితనం’ అన్నామంటే వెలితి ఉంది. ‘ఏకాకి’ అన్నామంటే జాలి కూడా కలుస్తుంది. ‘ఒక్కడే’ అన్నది వట్టి లెక్క. ఇన్ని మాటలుండీ మనం ఇంట్లో వాడేది ఎక్కువగా చివరిదే. ‘ఒక్కడివే ఉంటున్నావా?’, ‘ఒక్కదానివే వండుకుంటున్నావా?’. జవాబు కూడా లెక్కలోనే వస్తుంది, ‘ఆ, ఒక్కణ్ణే’. అక్కడితో మాట ఆగిపోతుంది.

ఇంటిల్లిపాదికీ అభ్యాసం

ఈ ఆదివారం పిల్లల్ని కూర్చోబెట్టి ఈ ఖాళీలు పూరించమనండి. ‘షి డజంట్ లైక్ టు ట్రావెల్ ...’ ఇక్కడ అలోన్. ‘హి హాజ్ మెనీ ఫ్రెండ్స్, బట్ హి ఈజ్ ...’ ఇక్కడ లోన్లీ. ‘ద రైటర్ వెంట్ టు ద హిల్స్ ఫర్ ...’ ఇక్కడ సాలిట్యూడ్. ‘ద విలేజ్ వజ్ ... బై ద ఫ్లడ్స్’ ఇక్కడ ఐసొలేటెడ్. జవాబు రాసి ఊరుకోకుండా, ప్రతిదానికీ ఇది లెక్కా, బాధా, ఇష్టమా, తెగిన సంబంధమా అని చెప్పించండి. అప్పుడే మాట నిలుస్తుంది.

పెద్దలకు ఒక అభ్యాసం. మన ఇళ్లలో ఎవరో ఒకరు దూరపు శాఖలో ఉంటారు. ప్రొబేషన్‌లో మొదటి పోస్టింగ్‌కు వెళ్లిన అమ్మాయి, పదోన్నతి మీద వేరే రాష్ట్రానికి వెళ్లిన నాన్న, రిటైరై సొంతూళ్లో ఉండిపోయిన మామగారు. ఈసారి ఫోన్ చేసినప్పుడు తిన్నావా, పడుకున్నావా అని అడిగాక ఇంకొక్క ప్రశ్న కలపండి. ‘అక్కడ సాయంత్రాలు పొద్దుపోతోందా?’ అనండి. అడిగి, వెంటనే మీరే మాట్లాడకుండా కాసేపు ఆగండి.